గుర్రానికి లామినైటిస్, ఒంట్లో ఎక్కువైన ఇన్సులిన్: తరచుగా అడిగే ప్రశ్నలు

చేవెళ్ళ వైపు మాకు చిన్న పొలం ఉంది, అందులో రెండు గుర్రాలు. పెద్దది చుక్క. కతియావాడీ పోలికలున్న ఆడగుర్రం, నుదుట తెల్లచుక్క ఉంది కాబట్టి ఆ పేరు. మూడేళ్ళ కిందట, దానికి 14 ఏళ్ళప్పుడు, లామినైటిస్ (గిట్ట లోపలి పొరల పట్టు జారే జబ్బు) వచ్చింది. అప్పట్నుంచీ గుర్రాలున్నవాళ్ళు ఫోన్ చేసి అడిగేవి దాదాపు ఒకే ప్రశ్నలు, అందుకే అన్నీ ఒకచోట రాస్తున్నాను. నేను పశువైద్యం చదువుకోలేదు. మందుల మోతాదులు ఎక్కడా ఇవ్వలేదు, అవి మీ గుర్రాన్ని చూసిన డాక్టరే చెప్పాలి. కానీ దాణా, గడ్డి, పడక మన చేతిలోవి, ఈ జబ్బులో ఎక్కువ పని అక్కడే ఉంది.

పొద్దున్నుంచి అడుగు తీసి అడుగు వేయడం లేదు. కాలు బెణికిందా, లామినైటిసా? ఎలా తెలుస్తుంది?

బెణికితే మామూలుగా ఒక్క కాలే కుంటుతుంది. లామినైటిస్ ఎక్కువగా ముందు కాళ్ళు రెండింటికీ కలిసి వస్తుంది, ఒక్కోసారి నాలుగింటికీ. గుర్రం ముందు కాళ్ళు చాచి, బరువంతా మడమల మీదికీ వెనక కాళ్ళ మీదికీ తోసి, వెనక్కి వాలినట్టు నిలబడుతుంది. నిలబడ్డచోటే కాసేపు ఈ కాలు, కాసేపు ఆ కాలు మార్చుకుంటూ ఉంటుంది. నేరుగా నడిపిస్తే ఎలాగో నడిచినా, చిన్న మలుపు తిప్పితే నొప్పి బయటపడిపోతుంది, ముళ్ళ మీద నడిచినట్టు నడుస్తుంది. చుక్క ఆ రోజు లాయం గడప దగ్గర ఆగి, సిమెంటు గచ్చు మీద కాలు పెట్టబోయి వెనక్కి తీసుకుంది, మళ్ళీ పెట్టబోయి మళ్ళీ తీసుకుంది. నేను మొండికేస్తోందనుకుని తాడు పట్టి లాగాను. అది తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

ఇంకో గుర్తు నాడి. గిట్టకు పైన ఫెట్‌లాక్ కీలు వెనక, రెండు పక్కలా వేళ్ళు మెల్లగా ఆనించండి. మామూలు రోజుల్లో అక్కడ నాడి వెతుక్కోవాలి, దొరికినా సన్నగా ఉంటుంది. లామినైటిస్ ఉంటే వేలికి టక్ టక్‌మని గట్టిగా తగులుతుంది, గిట్ట కూడా గంటల తరబడి వేడిగా ఉండిపోతుంది. గుర్రం బాగున్న రోజుల్లోనే ఈ నాడి చూడటం నేర్చుకోండి, బాగున్నప్పుడు ఎలా ఉంటుందో తెలిస్తేనే తేడా తెలుస్తుంది.

డాక్టరు రావడానికి మూడు నాలుగు గంటలు పట్టేట్టుంది. ఈలోపు ఏం చేయాలి?

మొదట దాణా తొట్టి తీసేయండి. గుగ్గిళ్ళు, తవుడు, బెల్లం, క్యారెట్, ఏదీ వద్దు. ఎండుగడ్డి, నీళ్ళు మాత్రం ఉంచండి, పూర్తిగా పస్తు పెట్టవద్దు. లావుగా ఉన్న గుర్రం, ముఖ్యంగా పోనీలు, గాడిదలు, తిండి ఆగిపోతే ఒంట్లోని కొవ్వంతా రక్తంలోకి వచ్చి లివర్ దెబ్బతిని చచ్చిపోయే ప్రమాదం ఉంది.

రెండోది, నడిపించకండి. "నాలుగు అడుగులు వేయిస్తే రక్తం ఆడుతుంది, సర్దుకుంటుంది" అని చెప్పేవాళ్ళు మీ చుట్టూ కనీసం ఇద్దరుంటారు. వినవద్దు. ఉన్నచోటే కింద మెత్తగా పరవండి. ఇసుక, రంపపు పొట్టు, ఊక, ఏది దొరికితే అది, అరడుగు మందాన. ఇసుక వేస్తే గడ్డి నేల మీద కాకుండా తొట్టిలో పెట్టండి, లేకపోతే గడ్డితో పాటు ఇసుక కడుపులోకి పోయి శూల వస్తుంది.

మూడోది ఐస్. తొలి గంటల్లో ఇంతకు మించింది లేదు. మందపాటి పాలిథిన్ సంచిలోనో, ఖాళీ అయిన ఐదు లీటర్ల సెలైన్ సంచి కోసి అందులోనో కాలు పెట్టించి, ఐస్ ముక్కలూ నీళ్ళూ కలిపి మోకాలికి కొంచెం కింద దాకా నింపి, పైన టేపు చుట్టాలి. కరిగేకొద్దీ ఐస్ వేస్తూనే ఉండాలి. పావుగంట పెట్టి తీసేస్తే లాభం లేదు, డాక్టరు ఆపమనేదాకా రాత్రింబవళ్ళు సాగాలి, రెండు మూడు రోజులు పట్టవచ్చు. ఫ్రిజ్‌లో ఐస్ సరిపోదు, మేం చేపల మార్కెట్‌కి దిమ్మలు వేసే ఐస్ ఫ్యాక్టరీ నుంచి ఆటోలో తెప్పించుకున్నాం.

నొప్పి మాత్రలు మీ అంతట మీరు వేయవద్దు. గుర్రాలకు ఇచ్చే ఫినైల్ బ్యూటజోన్, ఫ్లునిక్సిన్ లాంటివి మోతాదు తప్పితే కడుపులో పుండ్లు, కిడ్నీ సమస్యలు తెస్తాయి, రెండు రకాలు కలిపి ఇస్తే మరీ ప్రమాదం. డైక్లోఫెనాక్ జోలికి అసలు వెళ్ళవద్దు. పశువులకు దాన్ని వాడకుండా మన దేశంలో 2006లోనే ఆపేశారు, ఆ మందు పడ్డ కళేబరాలు తినే రాబందులు లక్షల్లో చచ్చిపోయాయి.

డాక్టరు ఎవరో తెలియకపోతే రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 1962కి ఫోన్ చేస్తే సంచార పశువైద్యశాల వస్తుంది. వాళ్ళు రోజూ చూసేది ఆవులు, గేదెలు, మేకలు కాబట్టి ముందే "గుర్రం, లామినైటిస్ అనుమానం" అని స్పష్టంగా చెప్పండి. హైదరాబాద్ చుట్టుపక్కల ఉంటే రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీలో అడగవచ్చు. మలక్‌పేట రేసుకోర్సు గుర్రాలను చూసే డాక్టర్లకు ఈ జబ్బు బాగా తెలుసు.

అసలు గిట్ట లోపల ఏం జరుగుతుంది?

మన వేలిని గోరు ఎలా పట్టుకుని ఉంటుందో, గుర్రం గిట్ట లోపలి ఎముకను బయటి గోడ అలా పట్టుకుని ఉంటుంది. మధ్యలో సన్నటి పొరలు వందల కొద్దీ ఒకదాంట్లో ఒకటి ఇమిడి ఉంటాయి, రెండు పుస్తకాల పేజీలు ఒకదాని మధ్య ఒకటి దూర్చినట్టు. మూడు నాలుగు వందల కిలోల జంతువు బరువును ఆ పట్టే మోస్తుంది. లామినైటిస్‌లో ఆ పొరలు సాగి, పట్టు జారుతుంది. జారితే ఎముక కొస కిందికి తిరుగుతుంది, లేదా ఎముక మొత్తంగా దిగబడుతుంది. మరీ ముదిరితే అడుగు భాగాన్ని చీల్చుకుని బయటికి కూడా వస్తుంది. తొలి రోజు నడిపించవద్దని అంతగా చెప్పింది ఇందుకే.

కాలి జబ్బుకీ ఇన్సులిన్‌కీ ఏం సంబంధం? మా గుర్రానికి షుగర్ వచ్చిందా?

చుక్క విషయంలో నేను అడిగిన మొదటి ప్రశ్న ఇదే. రక్తంలో గ్లూకోజ్ చూస్తే మామూలుగానే ఉంది, "షుగర్ లేదు కదా" అని ఊపిరి పీల్చుకున్నాను. అక్కడే పొరబడ్డాను. మనుషుల్లో లాగా గుర్రాల్లో షుగర్ వ్యాధి రావడం చాలా అరుదు. గుర్రం ఒళ్ళు గ్లూకోజ్‌ను అదుపులో పెట్టుకోవడానికి ఇన్సులిన్‌ను కుండలకొద్దీ పోస్తూనే ఉంటుంది, దాంతో గ్లూకోజ్ రిపోర్టు బాగానే కనిపిస్తుంది. కాళ్ళను దెబ్బతీసేది ఆ ఎక్కువైన ఇన్సులినే.

ఇది ఊహ కాదు. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ పరిశోధకులు 2007లో ఏ జబ్బూ లేని పోనీలకు, గ్లూకోజ్ పడిపోకుండా చూసుకుంటూ, ఇన్సులిన్ ఎక్కిస్తే మూడు రోజులు తిరక్కుండానే వాటికి లామినైటిస్ వచ్చింది. ఆ తర్వాత స్టాండర్డ్‌బ్రెడ్ గుర్రాల్లో 48 గంటలకే వచ్చింది. అవి లావు గుర్రాలు కావు, ముసలివి కావు. అంటే ఒంట్లో ఇన్సులిన్ తగ్గకపోతే పైన మీరు గిట్టకు ఎంత వైద్యం చేసినా మళ్ళీ వస్తుంది.

లామినైటిస్‌కు వేరే కారణాలూ ఉన్నాయి. ధాన్యం గదిలో దూరి బస్తా ఖాళీ చేస్తే వస్తుంది, పెద్ద ఇన్ఫెక్షన్ వల్ల వస్తుంది, ఈనిన తర్వాత మాయ పడకపోయినా వస్తుంది (మూడు గంటల్లో పడకపోతే డాక్టరును పిలవాల్సిందే, ఆవుల లెక్క గుర్రాలకు పనికిరాదు). ఒక కాలు విరిగి బరువంతా రెండో కాలి మీద పడ్డా ఆ రెండో కాలికి వస్తుంది. కానీ ఇంట్లో పెంచుకునే గుర్రానికి, ఏ కారణమూ కనిపించకుండా వస్తే, ముందు ఇన్సులిన్‌నే అనుమానించాలి.

ఏ గుర్రాలకు ఎక్కువగా వస్తుంది? మాది మరీ లావేం కాదు.

పోనీలు, అరబ్బీ, స్పానిష్ రకాలు, మొత్తం మీద కొంచెం తిన్నా ఒళ్ళు చేసే గుర్రాలు. రేసుల్లో పరిగెత్తే థరోబ్రెడ్‌లకు తక్కువ. మన మార్వాడీ, కతియావాడీ గుర్రాలు ఎండుగడ్డి పరకలతో మైళ్ళు తిరిగిన నేలలో పుట్టినవి, వాటిని తెచ్చి లాయంలో కట్టేసి రెండు పూటలా దాణా పోస్తే ఏమవుతుందో చుక్కను చూస్తే తెలిసింది.

లావు ఒక్కటే గుర్తు కాదు. మెడ పైన జూలు కింద గట్టిగా దిమ్మలా పేరుకున్న కొవ్వు, తోక మొదట్లో మెత్తటి గడ్డల్లాంటి కొవ్వు, కళ్ళ పైన గుంటలు ఉండాల్సిన చోట ఉబ్బు, ఇవి చూడండి. డొక్కలు కనిపించే గుర్రానికి కూడా మెడ దిమ్మ ఉండవచ్చు. నేను చుక్క మెడ చూసి "ఎంత రాజసంగా ఉందో" అని ఫొటోలు తీసుకునేదాన్ని. గిట్ట గోడ మీద అడ్డంగా వలయాలుంటే, అవి ముందు వైపు దగ్గరగా, మడమ వైపు ఎడంగా ఉంటే, ఇంతకుముందే ఎప్పుడో చప్పుడు లేకుండా లామినైటిస్ వచ్చి పోయిందని అర్థం.

ఇన్సులిన్ టెస్ట్ ఎలా చేయిస్తారు? ఎంతుంటే ఎక్కువ?

పస్తు పెట్టి తీసే శాంపిల్‌తో చాలా కేసులు దొరక్కుండా పోతాయి. గడ్డి తింటూ ఉండగా తీయాలి, ఆ పూట దాణా మాత్రం పెట్టకూడదు. అలా తీసిన రక్తంలో మిల్లీలీటరుకు 50 మైక్రో యూనిట్లు దాటితే ఇన్సులిన్ ఎక్కువని గట్టిగా చెప్పవచ్చు, 20 నుంచి 50 మధ్య అనుమానం. ఈ అంకెలు ల్యాబ్ పద్ధతిని బట్టి మారతాయి. మనుషుల ల్యాబుల్లో కొన్ని కిట్లు గుర్రం ఇన్సులిన్‌ను సరిగ్గా పట్టవు కాబట్టి ఎక్కడికి పంపాలో డాక్టరునే అడగండి, ఎప్పుడూ అదే ల్యాబ్‌కు పంపండి, లేకపోతే ముందూ వెనకా పోల్చుకోలేం. అనుమానంగా ఉంటే కార్న్ సిరప్ (మొక్కజొన్న తీపి పాకం) తాగించి, గంట గంటన్నర లోపు మళ్ళీ రక్తం తీసి చూసే పరీక్ష ఉంది. నేనైతే రెండోదే నమ్ముతాను, తీపి తిన్నాక ఒళ్ళు ఏం చేస్తుందన్నదే కదా మనకు కావాల్సింది.

నొప్పి బాగా ఉన్నప్పుడు ఇన్సులిన్ దానంతట అదే పెరుగుతుంది. ఆ రోజుల్లో వచ్చిన అంకె చూసి బెంబేలెత్తవద్దు, నొప్పి తగ్గాక మళ్ళీ చేయించండి. చుక్కకు నొప్పి తగ్గాక చేస్తే 118 వచ్చింది. నాలుగు నెలల తర్వాత 31.

కుషింగ్స్ అంటున్నారు, అది వేరా?

వేరే. మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి జబ్బు అది, ఎక్కువగా 15 ఏళ్ళు దాటిన గుర్రాలకు వస్తుంది. వేసవి వచ్చినా బొచ్చు రాలదు, వీపు కండ కరుగుతుంది, పొట్ట జారుతుంది. రెండూ కలిసి ఉండవచ్చు, అందుకే వయసు మళ్ళిన గుర్రానికి లామినైటిస్ వస్తే ఏసీటీహెచ్ (ఆ గ్రంథి వదిలే హార్మోన్) పరీక్ష కూడా చేయిస్తారు. దానికి ప్రపంచమంతా వాడే మందు పెర్గొలైడ్, జీవితాంతం ఇవ్వాలి.

గుగ్గిళ్ళు మానేయాలా? తాతల నాటి నుంచి పెడుతున్నాం కదా!

మానేయాలి. ఫోన్ అవతల వైపు అందరూ మౌనంగా అయిపోయేది ఇక్కడే, కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

ఉలవ గుగ్గిళ్ళకూ గుర్రానికీ ఉన్న అనుబంధం పాతది, ఇంగ్లీషులో ఉలవలకు పేరే గుర్రం పప్పు అని పెట్టారు. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదని సామెత కూడా ఉంది మనకు. కానీ ఆ దాణా తిన్న గుర్రాలు పొద్దుగూకే దాకా బండి లాగాయి, యుద్ధాలు చేశాయి. మన గుర్రం ఆదివారం గంటసేపు తిరిగి వస్తుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికల్లో చూస్తే 100 గ్రాముల ఉలవల్లో 57 గ్రాముల దాకా పిండిపదార్థమే. మెత్తగా ఉడికిస్తే అది ఇంకా తేలిగ్గా అరిగి, ఇంకా వేగంగా రక్తంలోకి ఎక్కుతుంది. శనగలు, బార్లీ, మొక్కజొన్న కూడా అంతే. గోధుమ తవుడు "తేలిక" అనుకుంటారు కానీ అందులోనూ పిండి ఉంది, పైగా భాస్వరం ఎక్కువై కాల్షియం లెక్క తప్పుతుంది. ఉలవలు ఉడికించిన నీళ్ళు పోసి తవుడు కలిపి పెట్టడం మా ఇంట్లోనూ ఉండేది. ఇంతా చేసి చివర్న ఒక బెల్లం అచ్చు. బెల్లం అంటే దాదాపు మొత్తం చక్కెరే.

చుక్క రోజూ తినేది లెక్కేశాను ఒక రోజు. పొద్దున కిలో గుగ్గిళ్ళు, సాయంత్రం కిలో తవుడు, మధ్యలో రెండు చపాతీలు, వచ్చినవాళ్ళు పెట్టే అరటిపండ్లు, పండగైతే పూర్ణం బూరెలు కూడా. ఒక్కొక్కటీ ప్రేమతో పెట్టినవే. అదంతా ఒక కాగితం మీద రాసి చూసుకున్నప్పుడు ఆ గిట్టల్ని అలా చేసింది మేమేనని అర్థమైంది.

మాన్పించడం ఎలా అంటారా? దాణా వేళకు గిన్నె చప్పుడు వినగానే అది సకిలిస్తుంది, చూడలేం. అందుకని గిన్నె మానకండి. అందులో గుప్పెడు నానబెట్టిన ఎండు లూసర్న్ (ఒక రకం పశుగ్రాసం) ముక్కలో, మినరల్ మిక్స్‌చర్ కలిపిన తడి గడ్డి తరుగో పెట్టండి. చుక్కకు వారం పట్టింది అలవాటు పడటానికి.

మరి ఏం పెట్టాలి? ఎంత పెట్టాలి?

ఎండుగడ్డి. తూకం వేసి.

ముందు గుర్రం బరువు తెలియాలి. టేపుతో ఛాతీ చుట్టుకొలత, ముందు భుజం కొస నుంచి వెనక పిరుదు కొస దాకా పొడవు సెంటీమీటర్లలో తీసుకోండి. చుట్టుకొలతను దాంతోనే గుణించి, మళ్ళీ పొడవుతో గుణించి, 11,880తో భాగిస్తే కిలోలు వస్తాయి. చుక్కకు అప్పుడు చుట్టుకొలత 170, పొడవు 150, అంటే దగ్గర దగ్గర 365 కిలోలు. బరువు తగ్గాల్సిన గుర్రానికి రోజుకు ఒంటి బరువులో నూటికి ఒకటిన్నర వంతు ఎండు మేత. గడ్డిలో ఎంతోకొంత తేమ ఉంటుంది కాబట్టి చుక్కకు రోజుకు ఆరు కిలోలు. అంతకంటే తగ్గించాలంటే డాక్టరు చూస్తుండగానే. ఆ ఆరు కిలోలూ ఒకేసారి వేస్తే రెండు గంటల్లో తినేసి మిగతా రోజంతా ఖాళీగా నిలబడుతుంది, అందుకే నాలుగు భాగాలు చేసి, సన్న కళ్ళున్న వలలో పెట్టి వేలాడదీస్తాం. రాత్రి పదింటికి చివరి వల.

గడ్డిలో చక్కెరా పిండీ కలిపి నూటికి 10 లోపు ఉంటే మంచిది. పరీక్ష చేయించే వీలు లేకపోతే గడ్డిని నానబెట్టండి. చల్లటి నీళ్ళలో అరగంట నుంచి గంట, మునిగేట్టు, తర్వాత ఆ నీళ్ళు పారబోయాలి. గోధుమరంగులో దిగుతాయే, ఆ నీళ్ళలోనే చక్కెర ఉంటుంది. బయటి దేశాల్లో రాత్రంతా నానబెట్టేవాళ్ళున్నారు కానీ మన ఏప్రిల్, మే ఎండల్లో అలా చేస్తే పులిసి వాసనొస్తుంది, అరగంట చాలు, వెంటనే పెట్టేయాలి. నానబెడితే ఖనిజాలు కూడా పోతాయి కాబట్టి మినరల్ మిక్స్‌చర్, ఉప్పు తప్పనిసరి.

ఏ గడ్డి అంటే, మన దగ్గర అందరూ వేసే సూపర్ నేపియర్ గురించి ఒక మాట. పచ్చిది లేతగా కోసి మేపితే చక్కెర సంగతి అలా ఉంచి, అందులో ఆగ్జలేట్లు ఎక్కువ, అవి కాల్షియాన్ని పట్టేసుకుంటాయి. నెలల తరబడి నేపియర్ ఒక్కటే మేపితే గుర్రం ముఖం ఎముకలు ఉబ్బే జబ్బు వస్తుంది. ఆవులకు కడుపులోని సూక్ష్మజీవులు దాన్ని చాలావరకు అరిగిస్తాయి, గుర్రానికి ఆ వసతి లేదు. గరిక లాంటి సన్న గడ్డి ఎండబెట్టింది మేలు. కొంచెం లూసర్న్ కలిపితే కాల్షియం అందుతుంది, కానీ లూసర్న్‌లో మాంసకృత్తులూ బలమూ ఎక్కువ, కొన్ని గుర్రాలకు కాళ్ళ నొప్పి తిరగబెడుతుంది, అందుకే గుప్పెళ్ళలో. వరిగడ్డి ఒక్కదాని మీదే ఉంచితే పేగుల్లో గడ్డకట్టి శూల వచ్చే ప్రమాదం ఉంది, గడ్డిలో కొంత భాగంగా మాత్రం వాడుకోండి, నీళ్ళు బాగా తాగేట్టు చూడండి.

పచ్చికలో వదలవచ్చా?

కాళ్ళు నొప్పున్నప్పుడు వద్దే వద్దు. తగ్గాక కూడా తొలకరి పడి గడ్డి లేతగా లేచే రోజుల్లో జాగ్రత్త. పగలంతా ఎండకు గడ్డిలో చక్కెర పేరుకుని సాయంత్రానికి ఎక్కువవుతుంది, రాత్రి మొక్క దాన్ని వాడుకుంటుంది, కాబట్టి తెల్లవారుజామున వదిలి ఎండెక్కకముందే కట్టేయడం మంచిది. మూతికి చిక్కం కట్టవచ్చు, నాగలి కట్టిన ఎద్దుకు కడతారే, అలాంటిదే, అడుగున చిన్న కన్నంతో. నీళ్ళు తాగేట్టు ఉండాలి.

గిట్టలు ఎలా చెక్కించాలి? నాడాలు ఉంచాలా తీయించాలా?

ముందు ఎక్స్‌రే. పక్క నుంచి తీసిన ఫొటో లేకుండా చెక్కడం అంటే చీకట్లో కత్తి తిప్పడమే. ఎముక ఎంత తిరిగింది, దాని కింద అడుగు మందం ఎంతుంది తెలిస్తేనే గిట్టలు చెక్కి నాడాలు కొట్టే నాల్‌బంద్ చేతికి లెక్క అందుతుంది. ఎక్స్‌రేను డాక్టరు, నాల్‌బంద్ ఇద్దరూ కలిసి చూడాలి. మా దగ్గర ఇద్దరినీ ఒకే రోజు రప్పించడానికి నేను పడ్డ పాట్లు చెబితే పెద్ద కథ, కానీ ఆ ఒక్క రోజుతోనే దారి మారింది.

నొప్పి తీవ్రంగా ఉన్నప్పుడు మేకులు కొట్టించవద్దు, సుత్తి దెబ్బ ఒక్కొక్కటీ దానికి నరకం. ఇళ్ళ పైకప్పులకు వేడి దిగకుండా వేసే గట్టి థర్మాకోల్ షీటు ఉంటుంది, రెండంగుళాల మందంది, గిట్ట ఆకారంలో కోసి టేపుతో కట్టేయండి. ప్యాకింగ్‌లో వచ్చే పూసల థర్మాకోల్ పనికిరాదు, అడుగు పడగానే నలిగిపోతుంది. గిట్ట అడుగున మధ్యలో మెత్తగా ఉండే ఫ్రాగ్ మీదా, మడమ వైపూ బరువు పడి, ముందు గోడకు విశ్రాంతి దొరకడమే దీని ఉద్దేశం. తర్వాత ముందు కొస పొడవు తగ్గించి, మడమలు సరిచేస్తూ నాలుగైదు వారాలకోసారి కొంచెం కొంచెంగా చెక్కాలి, ఆరు నెలల పని ఒక్కరోజులో చేయకూడదు. గిట్ట నెలకు సెంటీమీటరు లోపే పెరుగుతుంది, కొత్త గోడ పైనుంచి నేలదాకా దిగడానికి తొమ్మిది నెలల నుంచి ఏడాది.

ఇన్సులిన్ తగ్గించే మందులు లేవా? మా నాన్నగారు వాడే షుగర్ మాత్రలు ఇవ్వవచ్చా?

ఇవ్వకండి. మెట్‌ఫార్మిన్ గుర్రాల పేగుల నుంచి రక్తంలోకి చాలా తక్కువ ఎక్కుతుంది, ఉపయోగం అంతంత మాత్రమే. కొన్నేళ్ళుగా బయటి దేశాల్లో కానాగ్లిఫ్లోజిన్, ఎర్టుగ్లిఫ్లోజిన్ లాంటివి వాడుతున్నారు, ఇవి మూత్రంలోంచి గ్లూకోజ్‌ను బయటికి పంపిస్తాయి, ఇన్సులిన్ గట్టిగా దిగుతుంది. గడ్డి మార్చినా ఇన్సులిన్ దిగని గుర్రానికి, నొప్పి ఆగని గుర్రానికి ఇవి ప్రాణం నిలిపిన మందులే. కానీ అవి మనుషుల కోసం చేసినవి, గుర్రంలో రక్తపు కొవ్వు, లివర్ ఎంజైములు పెరగవచ్చు, మూత్రం ఎక్కువవుతుంది. మధ్యమధ్యలో రక్తపరీక్ష చేస్తూ డాక్టరే ఇవ్వాలి. ఇన్సులిన్ ఇంజెక్షన్ మాత్రం ఈ జబ్బుకు వైద్యం కాదు, ఉన్నదే ఎక్కువ.

మెంతులు, కాకరకాయ, దాల్చినచెక్క?

పనిచేస్తాయనడానికి గుర్రాల్లో గట్టి ఆధారం లేదు. ఆ డబ్బుతో మంచి గడ్డి కొనండి.

దురదకు ఇంజెక్షన్ వేయించాక కాళ్ళు పట్టేశాయి. సంబంధం ఉందా?

ఉండవచ్చు. డెక్సామెథాసోన్ లాంటి స్టెరాయిడ్లు ఇన్సులిన్‌ను పెంచుతాయి. చుక్కకు కూడా వర్షాకాలం ఈగల దురదకు ఒకాయన వచ్చి రెండు స్టెరాయిడ్ సూదులు వేసి వెళ్ళాడు, కాళ్ళు పట్టేసింది ఆ తర్వాతి వారమే. దాణా వల్ల లోపల నిండి ఉన్నదాన్ని సూది తొందరపెట్టిందని నా నమ్మకం. ఇన్సులిన్ ఎక్కువున్న గుర్రమని తెలిసాక, ఎవరు ఏ సూది తీసినా ముందు ఈ మాట చెప్పండి. లాయం తలుపు మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి, మీరు ఊళ్ళో లేని రోజున పనికొస్తుంది.

మళ్ళీ ఎప్పుడు ఎక్కవచ్చు?

నొప్పి మాత్రలు లేకుండా, మెత్తటి నేల మీద మామూలుగా నడుస్తూ, మలుపులో కూడా తడబడకుండా ఉండి, ఎక్స్‌రేలో ఎముక నిలకడగా కనిపించాకే మొదలు. మొదట చేత్తో పట్టి పది నిమిషాలు. తర్వాత మెల్లగా పెంచుతూ వారానికి మూడు నాలుగు రోజులు, అరగంట చొప్పున. కాళ్ళు ఓర్చుకుంటే వ్యాయామం ఇన్సులిన్‌కు మంచి మందు. చుక్క మీద మళ్ళీ జీను వేయడానికి 11 నెలలు ఆగాం.

మాది పెళ్ళిళ్ళకు తిప్పే గుర్రం. సీజన్ పోతే ఇల్లు గడవదు.

మీ ఇబ్బంది నాకు తెలుసు. అయినా నొప్పి ఉన్న గుర్రాన్ని సిమెంటు రోడ్డు మీద, బ్యాండు మధ్య, గంటల తరబడి నిలబెట్టవద్దు. ఒక ముహూర్తం కోసం వెళ్తే గుర్రమే పోతుంది. పెళ్ళివాళ్ళు ప్రేమగా పెట్టే లడ్డూలు, జిలేబీలు వద్దని గట్టిగా చెప్పండి. సూదితో నొప్పి తెలియకుండా చేసి ఊరేగింపుకు తీసుకెళ్ళేవాళ్ళున్నారు, నొప్పి తెలియని కాలు మీద గుర్రం పూర్తి బరువు వేస్తుంది, లోపలి పట్టు ఆ రాత్రే తెగిపోవచ్చు.

ఎంత చేసినా తగ్గకపోతే?

ఎముక అడుగులోంచి బయటికి వచ్చి, మందులతో కూడా నొప్పి ఆగక, రోజంతా పడుకునే ఉండి, ఒరుసుకుని పుండ్లు పడుతుంటే, దాన్ని నొప్పి లేకుండా శాశ్వతంగా నిద్రపుచ్చమని డాక్టరును అడగడం తప్పు కాదు. ఆ నిర్ణయానికి ముందు ఎక్స్‌రే చూపించి రెండో డాక్టరును అడగండి. నాకు తెలిసి రెండు గుర్రాలు మొదటి డాక్టరు మాట వింటే పోవాల్సినవి, ఈరోజు నడుస్తున్నాయి. మూడోదాన్ని మాత్రం నెలన్నర ఆలస్యంగా పంపారు, ఆ నెలన్నర అది పడ్డ బాధ నేను చూశాను.

తగ్గింది. ఇక భయం లేదా?

ఇల్లు అలకగానే పండగ కాదు. ఇన్సులిన్ జబ్బు లోపలే ఉంటుంది, మళ్ళీ దాణా మొదలుపెడితే మళ్ళీ వస్తుంది. మేం రోజూ పొద్దున నాలుగు కాళ్ళ నాడి చూస్తాం, ఒక మలుపు తిప్పి అడుగు చూస్తాం. నెలకోసారి టేపుతో కొలతలు, మెడ మీద చెయ్యి పెట్టి దిమ్మ మెత్తబడిందా గట్టిపడిందా చూడటం. ఆరు నెలలకోసారి ఇన్సులిన్ పరీక్ష.

మా సాయిస్ (గుర్రాన్ని చూసుకునే మనిషి) వినడు, చాటుగా బెల్లం పెడుతూనే ఉంటాడు. ఏం చేయాలి?

కోప్పడకండి, ప్రేమతోనే పెడుతున్నాడు. మా సాయిస్ తాత నలభై ఏళ్ళు గుర్రాలతో బతికిన మనిషి, "బెల్లం పెట్టని చేతిని గుర్రం గుర్తుపెట్టుకోదమ్మా" అనేవాడు. నేను ఎంత చెప్పినా తలూపి, సాయంత్రానికి మళ్ళీ పెట్టేవాడు. ఆఖరికి ఒక రోజు ఆయన చెయ్యి తీసుకుని చుక్క ఫెట్‌లాక్ వెనక పెట్టాను, ఆ ముందు రోజు బెల్లం తిన్న కాలు. నాడి ఆయన వేళ్ళకు తగిలింది. చాలాసేపు చెయ్యి తీయలేదు. మర్నాడు సంతలో పాత తూకం కాటా ఒకటి కొనుక్కొచ్చి లాయం దూలానికి వేలాడదీశాడు. ఇప్పుడు గడ్డి వలలు ఆయనే తూస్తాడు, కిలోన్నరకు ఒక్క గుప్పెడు ఎక్కువైనా తీసి పక్కన పెడతాడు.